నేను వద్దన్న గుమ్మడికాయ

గుడివాడలో మా వీధి చివరి ఖాళీ స్థలంలో అందరం కలిసి కూరగాయల తోట వేద్దామని మీటింగు పెట్టినప్పుడు, గుమ్మడి వద్దన్నది నేనొక్కణ్ణే. వంగ వేయండి, బచ్చలి వేయండి, రోజూ కోసుకోవచ్చు అన్నాను. "మీరు కూర్చోండి మాస్టారూ" అన్నాడు మా వీధి సంఘం ప్రెసిడెంటు. అప్పటికి నేను కూర్చునే ఉన్నాను. ఆ మాట నేను మర్చిపోలేదు. ఇంటికి రాగానే, ఆ తోట కాయను చేత్తో ముట్టనని మా ఆవిడ ముందు ఒట్టు పెట్టుకున్నాను.

"ముట్టకండి. మిమ్మల్నెవరు బతిమాలారు?" అంది. అదీ మర్చిపోలేదు.

తోట ఉద్దేశం మంచిదే. వీధిలో అద్దెకుండే గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు తవ్వాలి, ముసలమ్మలు దగ్గరుండి నాటించాలి, పండింది ముందు లేనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి. అలాంటి ఇళ్ళలో మొదటిది మా ఎదురింటి మామ్మగారిది. రేషన్ బియ్యం ఉంటే కూర ఉండేది కాదు. రాత్రిపూట మజ్జిగ తాగి పడుకునేది.

నన్ను వెక్కిరించడానికే అన్నట్టు గుమ్మడి విరగకాసింది. పిల్లలు ఇంటింటికీ కాయలు పంచి, మామ్మగారి మంచం కింద మరికాసిని దొర్లించి, పరీక్షలైపోవడంతో ఊళ్ళకు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు చూస్తే ఆవిడ ఇంకా మజ్జిగే తాగుతోంది.

"అన్ని కాయలు పెట్టుకుని ఇదేంటండీ?"

"ఆడది గుమ్మడికాయ పగలగొట్టకూడదు కదయ్యా. మొదటి దెబ్బ మగాడు వెయ్యాలి. తర్వాత నేను తరుక్కుంటా."

"వీధిలో మగాళ్ళే లేరా?"

"ఏరీ? అందరూ ముదినేపల్లి చేపల చెరువుల మీద కాపలా. ప్రెసిడెంటుకి నడుం పట్టేసిందట. నువ్వున్నావనుకో, నీకేదో ఒట్టుందటగా. మీ ఆవిడ చెప్పింది."

ఏ మీటింగులోనూ ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. ముసలమ్మలకు తెలుసు. కానీ వాళ్ళనడిగింది ఎలా నాటాలో మాత్రమే, ఎలా తినాలో కాదు.

"ఈ చాదస్తం వదిలేసి మీరే కొట్టెయ్యండి."

"నీ ఒట్టు నువ్వు వదులు, నా చాదస్తం నేను వదుల్తా."

ఇద్దరం వదల్లేదు. చివరికి ఆవిడ కాయను రెండు చేతులా గడప మీద పట్టుకుంది. నేను కత్తి ఎత్తాను. ముట్టేది కత్తి, నేను కాదు.

"నా వేళ్ళు జాగ్రత్త నాయనా!" అని ఆవిడ కళ్ళు మూసుకుంది. భయానికి నేనూ మూసుకున్నాను. కాయ పగిలింది.

ఆ చప్పుడు వీధంతా విన్నట్టుంది. మామ్మగారి పులుసు ఉడికేలోపు, చంకల్లో గుమ్మడికాయలతో ఆడవాళ్ళు మా గుమ్మం ముందు వరస కట్టారు. పట్టుకునేది వాళ్ళు, కొట్టేది నేను. తర్వాత తోట మీద ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో ప్రెసిడెంటు నిలువెత్తున ఉన్నాడు. ఓ మూల కత్తి పట్టుకున్న చెయ్యి ఉంది, మోచేతి దాకా. అది నాది.

మొదటి కాయ కొట్టిన సాయంత్రమే మామ్మగారు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గుమ్మంలోకొచ్చి నన్ను పిలిచింది. కృతజ్ఞతలు చెబుతుందేమోనని లేచి నిలబడ్డాను.

"రేపు కాస్త మధ్యలో కొట్టు. ఒక చెక్క చిన్నదైపోయింది."