పుచ్చు లేని వంకాయలు

తెల్లవారగానే ఎలీసమ్మ ముఖమైనా కడుక్కోకుండా దొడ్లోకి వెళుతుంది. వంగమొక్కల మధ్య నడుం వంచి, తల వాల్చిన చిగురు ఎక్కడైనా ఉందేమో చూస్తుంది. చిగురు వాలిందంటే లోపల పురుగు ఉన్నట్టే. దాన్ని గోటితో తుంచి, లోపల మెదిలే పురుగును రాయి మీద నలిపి, పక్క మొక్క దగ్గరికి జరుగుతుంది. మిరపమొక్కల ఆకులు వెనక్కి తిప్పి చూసి, ముడత కనిపిస్తే పుల్లమజ్జిగ చిలకరిస్తుంది. మార్టూరు గ్రానైటు క్వారీల వైపు నుంచి గాలి వీచినప్పుడు ఆకుల మీద రాతిపొడి పేరుకుంటుంది. దాన్ని తడిగుడ్డతో తుడుస్తుంది. ఇదంతా అయ్యాకే పొయ్యి వెలిగించేది.

మా వీధిలో ఇంటి వెనక ఆ మాత్రం జాగా అందరికీ ఉంది. చాలామంది అందులో గేదెను కట్టేస్తారు, లేదంటే పత్తికట్టె పోగేస్తారు. ఎలీసమ్మ కూరగాయలు వేయడానికి కారణం ఆమె భర్త తోమా.

తోమా మిరప చేలల్లో మందు కొట్టే కూలీ. వీపున ట్యాంకు తగిలించుకుని సాలు మొదట్లో దిగాడంటే ఒక్క ఆకు తడవకుండా మిగలదని రైతులు చెప్పుకుంటారు. కొన్నేళ్ళ కిందట ఎండలో మందు కొడుతూ చేలోనే కూలిపోయాడు. నోట నురగ వచ్చింది. గుంటూరు ఆసుపత్రి నుంచి బతికి వచ్చిన రోజున ఎలీసమ్మ గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది.

"చేలో పని మానమని అనను. మనకు వేరే పని లేదు. కానీ ఆ మందు నా గడప తొక్కకూడదు."

"తొక్కనియ్యనులేవే," అన్నాడు తోమా.

అప్పటి నుంచి ట్యాంకు రైతు షెడ్డులోనే వదిలేసి, బోరు దగ్గర స్నానం చేసి ఇంటికి వచ్చేవాడు. తినే కూరలో కూడా మందు ఉండకూడదని ఆమె ఆ యేడే వంగ, మిరప నారు పోసింది. బూడిద చల్లడం, చిగుళ్ళు తుంచడం, శుక్రవారం ఉపవాసం ఉండి మొక్కల దగ్గర మోకరించడం, ఇవే ఆమెకు తెలిసిన మందులు. వాటితో పురుగు పూర్తిగా పోలేదు. కాసినవాటిలో సగం పుచ్చులే. తోమా టీ బంకు దగ్గరికి వెళితే ఎవరో ఒకరు అందుకునేవారు.

"ఏరా తోమా! ఊరందరి చేలకూ కొడతావు, మీ ఆవిడ వంకాయ కోస్తే పురుగు బయటికొచ్చి వందనాలు చెబుతుందంటగా!"

తోమా నవ్వేవాడు. ఆ రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

రెండేళ్ళ కిందటి వానాకాలంలో ఉన్నట్టుండి చిగుళ్ళు వాలడం తగ్గింది. తర్వాత ఆగిపోయింది. చారల వంకాయలు నిగనిగలాడుతూ దిగాయి. కోసిన ప్రతి కాయ లోపలా తెల్లగా ఉంది. ఎలీసమ్మ తన ప్రార్థన ఫలించిందనుకుంది. మా చర్చిలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఉంటుంది. దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి నలుగురిలో చెప్పవచ్చు. ఎప్పుడూ నోరు విప్పని ఎలీసమ్మ ఆ రోజు లేచి నిలబడింది.

"ఒక్క చుక్క మందు కొట్టలా. ఉపవాసముండి అడిగాను. ప్రభువు నా దొడ్లో పురుగును ఆపాడు," అంది. గొంతు వణికింది.

"ఆమెన్!" అన్నారు అందరూ. మగవాళ్ళ వైపు నుంచి అందరికన్నా గట్టిగా వినిపించిన గొంతు తోమాది.

ఆ తర్వాత ఎలీసమ్మ కాయలకు పేరొచ్చింది. జ్వరం పడి లేచినవాళ్ళకనీ, చిన్నపిల్లలకనీ అడిగి పట్టుకెళ్ళేవారు. పక్కింటి షాజాదీ గోడ మీదుగా ఆటపట్టించేది.

"మీ దేవుడు వంకాయలకు కూడా కాపలా కాస్తాడా వదినా? మా టమాటాల సంగతి కూడా కాస్త చెప్పమ్మా."

"నువ్వే అడుగు. నీకు నోరు లేదా?"

"నా నోటికి ఆయన జడుసుకుంటాడేమోనని!"

ఆ యేడు షాజాదీ కూతురు నజ్మీన్ తొలి చూలుతో పుట్టింటికి వచ్చింది. వేవిళ్ళతో ఏది తిన్నా కడుపులో నిలవడం లేదు. ఎలీసమ్మ వంకాయ నిప్పుల మీద కాల్చి, అప్పుడే తుంచిన పచ్చిమిరపకాయలతో నూరిన పచ్చడి ఒక్కటే నిలిచింది. ఎలీసమ్మ రోజూ నూరి గోడ మీద పెట్టేది. "అత్తా, ఇంకో రెండు మిరపకాయలు వేయకూడదా?" అని నజ్మీన్ గిన్నె నాకేది.

ఎలీసమ్మ శనివారం ఉదయం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకు వెళుతుంది. ఒక శనివారం పాస్టరమ్మ గారికి జ్వరమొచ్చి కూడిక జరగలేదు. వెళ్ళిన దారినే తిరిగి వచ్చింది. ఇంటి పక్కనుంచి దొడ్లోకి తిరగగానే వాసన తగిలింది. వంగమొక్కల మధ్య తోమా. ముక్కుకు తువ్వాలు, వీపున ట్యాంకు.

"ఏందయ్యా ఇది?"

తోమా చెయ్యి ఆగింది. గొట్టం చివర నుంచి మందు చుక్కలుగా కారుతూనే ఉంది.

"పురుగు మళ్ళీ ఎక్కుతుంటే... చేలో మిగిలింది కాస్త..."

"ఎప్పటి నుంచి?"

అతను ముక్కు మీది తువ్వాలు కిందికి లాగాడు.

"నేను సాక్ష్యం చెప్పకముందు నుంచా?"

"నువ్వు ప్రతి కాయా కోసి ఏడుస్తుంటే చూడలేకపోయానే. బంకు దగ్గర వాళ్ళ మాటలు కూడా..."

"అంతమందిలో నేను లేచి ఆ మాట చెబుతుంటే నువ్వు ఆమెన్ అన్నావు."

"మరేం అనమంటావు? అది అబద్ధమని లేచి చెప్పనా?"

"చెప్పాల్సింది!" అని అరిచింది ఎలీసమ్మ. తర్వాత ఆమెకు నజ్మీన్ గుర్తొచ్చింది. "ఆ పిల్లకు పెట్టానయ్యా. కడుపుతో ఉన్న పిల్లకు రోజూ పెట్టాను. నీకు తెలుసు. గిన్నె తీసుకెళ్ళి గోడ మీద పెట్టి వచ్చావు కూడా."

"కొట్టిన నాలుగు రోజులకు మందు దిగిపోద్దిలే," అన్నాడు తోమా నేల చూస్తూ.

"నాలుగు రోజులు ఆగి కోశానా నేను? నాకు చెప్పావా ఆగమని?"

తోమా వీపున ట్యాంకు దించి పక్కన పెట్టాడు.

ఎలీసమ్మ అప్పటికప్పుడు షాజాదీ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పింది. నజ్మీన్ పొట్ట మీద చెయ్యి వేసుకుని మంచం మీద అలాగే కూర్చుంది.

"బజారు కాయైతే ఉప్పునీళ్ళలో వేసి కడుగుతాం వదినా," అంది షాజాదీ. "నీ చేతి కాయని కడగను కూడా కడగలేదు."

డాక్టరమ్మ పరీక్షలు చేసి భయపడాల్సిందేమీ కనిపించడం లేదంది. నెలలు నిండాక నజ్మీన్ మగపిల్లవాణ్ణి కంది. బిడ్డ బాగానే ఉన్నాడు. అయినా షాజాదీ గోడ దగ్గర నిలబడడం మానేసింది.

ఆ శనివారం తర్వాతి ఆదివారమే ఎలీసమ్మ చర్చిలో మళ్ళీ లేచింది. నేను ఆమె వెనక వరసలో ఉన్నాను. ఈసారి గొంతు వణకలేదు. "నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు. నా భర్త మందు కొట్టాడు. నాకు తెలియదు. మా కాయలు తిన్నవాళ్ళంతా నన్ను క్షమించండి," అంది. చర్చంతా తోమా వైపు తిరిగింది. పాస్టరుగారు చిన్నగా నవ్వారు.

"దేవుడు మనుషులను కూడా సాధనంగా వాడుకుంటాడమ్మా. నీ భర్త ప్రేమ కొద్దీ చేశాడు, కూర్చో," అని పాట ఎత్తుకున్నారు. అందరూ చప్పట్లతో అందుకున్నారు. ఎలీసమ్మ ఇంకా నిలబడే ఉంది. పాట రెండో చరణానికి వచ్చాక కూర్చుంది.

బయట చెట్టు కింద ఆడవాళ్ళు ఆమెకే నచ్చజెప్పారు. తాగి కొట్టే మొగుళ్ళున్నారు, నీ మొగుడు మొక్కలకు మందు కొట్టాడు, దానికింత రచ్చ దేనికి అన్నారు. "నా నోటితో అబద్ధం చెప్పించాడు," అని ఆమె ఒక్కసారే అంది. ఎవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు.

ఆ వారమే దొడ్లో మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకేసింది. ఆ నేలను ఒక వానాకాలమంతా ఖాళీగా వదిలేసి, తర్వాత కొత్త నారు పోసింది. పురుగు మళ్ళీ వచ్చింది.

ఇప్పుడు ఆ ఇంట్లో రెండు కూరలు వండుతారు. తోమాకు బజారు నుంచి తెచ్చిన కూర. దొడ్లో కాసిన వంకాయలు, మిరపకాయలు ఎలీసమ్మ ఒక్కతే తింటుంది. ఎవరడిగినా, వాటికి సాక్ష్యం చెప్పలేనని ఇవ్వదు.