మేర పదవి మహిళకు

నిన్న కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం కూర్చుంటే, టీ కొట్టు టీవీలో పట్నం మేయర్ ఎన్నిక మీద నలుగురు పెద్దమనుషులు ఒకరి మాట ఒకరు విననియ్యకుండా వాదించుకుంటున్నారు. ఈసారి ఆ పదవి ఎవరికి రిజర్వు అవుతుందన్నది వాళ్ల తగువు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. పక్కనున్న పెద్దావిడ సంచీ తీసుకుని కొంచెం దూరం జరిగింది. పోయినసారి ఆ ఎన్నిక మా మేనమామ ఇంట్లో ఎంత పని చేసిందో పాపం ఆమెకేం తెలుసు.

మామ ఎల్లారెడ్డి బజారులో దర్జీ. మా దిక్కు దర్జీని మేరాయన అంటారు. ముప్పై ఏళ్లు మిషను చప్పుడులో ఉండి ఆయన చెవులు మందగించాయి; సగం వింటాడు, మిగతా సగం తనే కుట్టుకుంటాడు. అత్త పుట్టిల్లు లింగంపేట. అక్కడ తండ్రి దగ్గర కుట్టుపని నేర్చుకుంది. నిజం చెప్పాలంటే ఆమె చేయి మామ చేతికన్నా ఒక మెట్టు పైనే. కానీ కాపురానికొచ్చింది మొదలు ఇంట్లో బీడీలు చుట్టడమే. దుకాణంలో మిషను ముందు కూర్చోవాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. అడిగినప్పుడల్లా మామది ఒకటే జవాబు: "నలుగురు తిరిగే బజార్ల ఆడిది మిషిను తొక్కుతదా?"

ఒక ఆదివారం నేను దుకాణానికి వెళ్లేసరికి లోకం తలకిందులై ఉంది. మామ బయట అరుగు మీద గుండీలు కుడుతున్నాడు. లోపల మిషను మీద అత్త.

"అల్లుడా, మేర పదవి ఆడోళ్లకే అని రేడియోల చెప్పిండ్రు. పట్నంల షురువైందట, రేపోమాపో మన దాక వస్తది. సర్కారు హుకుం కాదంటే దుక్నం బంద్ పెట్టిస్తరు" అన్నాడు.

నేను నోరు తెరిచానో లేదో, అత్త లోపలికి పిలిచింది. గొంతు తగ్గించి, "నాకు ఎరుకే అల్లుడా. నువ్వేం చెప్పకు. మీ మామకు సర్కారు మాటంటే మస్తు నమ్మకం" అంది. ఆ కళ్లు చూశాక నోరెలా వస్తుంది? అబద్ధానికి కాపలా కాయడం అంత సంతోషంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

జాకెట్లు కుట్టించుకోవడానికి గాంధారి నుంచి కూడా ఆడవాళ్లు రాసాగారు. ఎవరు ఎప్పుడు మామకు నిజం చెప్పేస్తారో, అత్తను మిషను మీంచి ఎక్కడ లేపుతాడో అని వెళ్లినప్పుడల్లా నాకు దడే. చివరికి నేనే ఆగలేకపోయాను. ఒకసారి నన్ను బస్సెక్కించడానికి వస్తుంటే, "మామా, అది మేర కాదు, మేయర్" అన్నాను.

మామ నవ్వాడు. "మూడో దినమే తెలిసింది అల్లుడా. చాయ హోటల్ల అందరు నవ్విండ్రు. గుస్సతోని లేపుదామనే పోయిన. మీ అత్త మిషిను తొక్కుకుంట పాట పాడుతుండె. పెండ్లయినంక దాని పాట ఇన్నది గప్పుడే. ఇగ ఎట్ల లేపుత?"

వాళ్ల పెళ్లయి అప్పటికి ఇరవై ఆరేళ్లు. అన్నేళ్లూ ఆ పాట ఆ ఇంట్లోనే ఉంది. అది వినబడే రోజు రావడానికి మాత్రం మా మామ ఒక మాట తప్పు వినేదాకా కాలం ఆగాల్సి వచ్చింది.