మూత కింది తడి

ముందే చెప్తున్నాను, దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే వెటకారం చేసి నోరు మూయించే రకం నేను. భీమవరం పక్కన క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ఇప్పుడు వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఉంటున్నాను. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ పనిచేయడం లేదని ఎవరైనా అంటే, ఏం మార్చావు, ఎప్పుడు మార్చావు అని అడిగి ప్రాణం తోడేస్తాను. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నానంటే నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

మా తమ్ముడు సన్నీ రెండేళ్ళ క్రితం ఆగస్టులో జపాన్ వెళ్ళాడు. ఉత్తర జపాన్‌లో పాతకాలపు హోటళ్ళు, దీపాల పండగ, ఒక సరస్సు, ఒక జలపాతం. పది రోజుల ట్రిప్. వాడూ, వాడి భార్య మెర్సీ కలిసి ప్లాన్ చేసుకున్నారు. చివర్లో మెర్సీ పాస్‌పోర్ట్ రెన్యూవల్‌లో ఇరుక్కుపోయింది. వాడు కూడా మానేస్తానన్నాడు. "టికెట్లు వేస్ట్ చేస్తావేంట్రా, వెళ్ళిరా" అన్నది నేనే.

ఏడో రోజు పొద్దున కొండల్లోని ఒక హోటల్‌లో బ్యాగ్ పెట్టి, జలపాతం చూసొస్తానని బయల్దేరాడు. తిరిగి రాలేదు. పోలీసులు, ఊరివాళ్ళు, కుక్కలు, హెలికాప్టర్, అందరూ రెండు వారాలు వెతికారు. కనీసం చెప్పు కూడా దొరకలేదు.

మెర్సీని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఏడాది దగ్గరపడుతుంటే మా తెలుగు చర్చిలో అందరూ నెమ్మదిగా మొదలుపెట్టారు, జ్ఞాపకార్థ కూడిక ఎప్పుడు పెడుతున్నారని. మా వాళ్ళలో ఏడాదికి అది పెట్టకపోతే పోయినవాడికి అన్యాయం చేసినట్టే. మెర్సీ మాత్రం ససేమిరా అంది. "ఆయన పోయినట్టు ఎవరు చూశారు వదినా?" అని ఒకటే మాట. పొద్దున లేస్తే వాడి కబురు కోసం ఫోన్ చూడటం, పడుకునే ముందు ఫోన్ చూడటం. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల అలా ఎండిపోతుంటే చూడలేకపోయాను. ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరం వెళ్ళి వాడు తిరిగిన చోట్లన్నీ తిరిగొద్దాం. ఆ తర్వాత కూడిక పెడదాం.

సన్నీ ట్రిప్ మొత్తం ఒక షీట్‌లో రాసుకున్నాడు. ఏ రోజు ఏ హోటల్, ఏ బస్, ఏం చూడాలి, అన్నీ వరుసగా. చివరి కాలమ్‌లో "ఇక్కడ ఫొటో, మెర్సీకి పంపాలి" లాంటి నోట్స్. మేము ఆ వరుసలు పట్టుకుని అవే తేదీల్లో వెళ్ళాం.

మొదటి హోటల్ సముద్రం పక్కన. చెప్పులు గుమ్మంలో వదలాలి, గదిలోకి వేరే, బాత్రూమ్‌లోకి ఇంకో జత. మేము మూడూ కలిపేసి నవ్వులపాలయ్యాం. భోజనంలో మెర్సీ గోంగూర పచ్చడి డబ్బా మూత తీయడానికి, చేతిలోని చాప్‌స్టిక్ పుల్లలు రెండూ అన్నంలో నిటారుగా గుచ్చింది. హోటల్ ఆయన పరుగున వచ్చి వాటిని తీసి పక్కన పెట్టాడు. పోయినవాళ్ళకి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారని ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూపించాడు. మెర్సీ ముఖం పాలిపోయింది. ఆ పూట ఇక తినలేదు.

దీపాల పండగ కూడా చూశాం. పెద్ద వెదురు గడకి పదుల కొద్దీ కాగితపు లాంతర్లు కట్టి, దాన్ని నుదుటి మీదా నడుం మీదా నిలబెట్టి ఆడతారు. జనం కేరింతలు కొడుతుంటే మెర్సీ ఒక్కొక్కరి ముఖమూ వెతుకుతోంది. సరస్సు దగ్గరా అంతే, నీలంగా అంత అందంగా ఉంటే నీళ్ళు చూడలేదు, పడవ దిగే మనుషుల్ని చూసింది. నాకు దుఃఖమూ వచ్చింది, విసుగూ వచ్చింది.

ఏడో రోజు కొండల్లోని ఆ హోటల్‌కి చేరాం. నడిపేది డెబ్భై ఏళ్ళ పెద్దావిడ. మమ్మల్ని చూడగానే ఎవరమో ఆవిడకి తెలిసిపోయింది. సాయంత్రం ఆరింటికి గదిలో భోజనం పెట్టారు. మేము ఇద్దరం, పళ్ళేలు మూడు.

పొరపాటేమో అనుకున్నాను. ఆవిడ ఫోన్‌లో మాట్లాడి చూపించింది. ప్రయాణమై వెళ్ళి తిరిగిరాని మనిషికి ఇంట్లో రోజూ భోజనం పెట్టడం వాళ్ళ ఆచారమట. ఏడాదిగా సన్నీకి ఆవిడ పెడుతూనే ఉంది. సూప్ గిన్నె మూత తీసినప్పుడు లోపల నీటి చుక్కలుంటే ఆ మనిషి ఎక్కడో క్షేమంగా ఉన్నట్టట. మూత తీసింది. నిండా చుక్కలు. ఏడాదిలో ఒక్కరోజూ తప్పలేదంది.

మెర్సీ ఆ మూతని రెండు చేతులా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు లోపల ఒళ్ళు మండింది. వేడి సూప్ మీద మూత పెడితే చుక్కలు పట్టక ఏం పడతాయి? మా వంటింట్లో చారు గిన్నె మీద రోజూ చూసేదే. నేను సంవత్సరంగా నచ్చజెప్పిందంతా ఆ పెద్దావిడ ఒక్క మూతతో కొట్టేసిందని కోపం. మర్నాడు పొద్దున టిఫిన్‌లో మళ్ళీ మూడు గిన్నెలు, మళ్ళీ తడి. మెర్సీ మూడు చెంచాల అన్నం ఎక్కువ తింది.

ఆ కోపంతోనే జలపాతానికి నడిచాను. దారి సన్నం, పక్కన లోయ, నాచు పట్టిన రాళ్ళు. రెండు గంటల నడక. నీళ్ళ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆ చోటు చూశాక ఎవరికైనా తెలిసిపోతుంది, కాలు జారితే ఏమవుతుందో.

అక్కడ నేను ఆగలేకపోయాను. "వాడు రాడు మెర్సీ. ఇంక చాలు" అని గట్టిగా అరిచాను. అది నా వైపు చూసి, నీళ్ళ వైపు చూసి, తల ఊపింది. ఏడాదిలో మొదటిసారి.

మా వాళ్ళలో సమాధి మూసేముందు ఇంటివాళ్ళు తలా పిడికెడు మట్టి వేస్తారు. అప్పుడే మనసు ఒప్పుకుంటుంది అంటారు. మాకు సమాధి లేదు. దారి పక్క నుంచి నల్లటి తడి మట్టి తీశాను. సమాధి దగ్గర పాస్టరుగారు చెప్పే మాటలు నాకు గుర్తున్నంత వరకు చెప్పి ముందు నేను వేశాను. మెర్సీ చేతిలో నేనే పెట్టాను. చాలాసేపు పిడికిలి విప్పలేదు. చెవి దగ్గరికి వంగి "వెయ్యమ్మా" అన్నాను. వేసింది.

తిరుగుదారిలో నా గుండె తేలికపడింది. నిజం చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది.

సాయంత్రం మళ్ళీ మూడు పళ్ళేలు. మా కళ్ళ ముందే ఒకే కుండలోంచి మూడు గిన్నెల్లోకి సూప్ పోసి మూతలు పెట్టారు. వేడికి ఆ మూతలు బిగుసుకుపోతాయి, గిన్నెని పక్కల నుంచి నొక్కితే గానీ ఊడవు. నాది అలాగే తీశాను, తడి. మెర్సీది, తడి. పెద్దావిడ సన్నీ గిన్నె మూత పట్టుకుంది. ఉత్తినే చేతిలోకి వచ్చేసింది. సూప్ పొగలు కక్కుతోంది. మూత లోపల గుడ్డతో తుడిచినట్టు పొడిగా ఉంది.

నాకు చేతనైన పని నేను చేశాను. నా మూత నాప్‌కిన్‌తో శుభ్రంగా తుడిచి వాడి గిన్నె మీద పెట్టాను. వాడి మూత నా గిన్నె మీద పెట్టాను. ఫోన్‌లో అయిదు నిమిషాలు టైమర్ పెట్టాను. తీశాను. వాడి మూత నా గిన్నె మీద తడిసింది. నా మూత వాడి గిన్నె మీద పొడిగా ఉంది. వాడి సూప్‌లో వేలు ముంచాను, చురుక్కుమని కాలింది. ఇంకోసారి చేశాను. అంతే.

పెద్దావిడ ఎక్కడికి వెళ్ళొచ్చారని అడిగింది. చెప్పాను. మట్టి సంగతీ చెప్పాను. ఫోన్‌లో అది చదువుకుని తల దించుకుంది. తర్వాత సన్నీ పళ్ళెంలోని పుల్లలు రెండూ తీసి, వాడి అన్నంలో నిటారుగా గుచ్చింది. దాని అర్థం ఎవరూ మాకు మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

మెర్సీ ఏడవలేదు. మర్నాడు పొద్దున బస్ స్టాప్‌లో నిలబడి ఉండగా అంది. "మనం మట్టి వేసేదాకా ఉన్నాడు వదినా."

"పిచ్చిదానా, సంవత్సరమైందే" అన్నాను.

"నిన్న పొద్దున కూడా తడి ఉంది కదా" అంది.

ఏం మార్చావు, ఎప్పుడు మార్చావు అని పదిమందిని నిలదీసే మనిషిని, బస్ వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.

కూడిక పెట్టాం. అందరూ పాటలు పాడారు, సన్నీ గురించి మంచి మాటలు చెప్పారు. మెర్సీ ముందు వరసలో బొమ్మలా కూర్చుంది. నెల తర్వాత బెంటన్‌విల్‌లోని వాళ్ళ పిన్ని కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండును. ఫోన్ చేస్తే ఎత్తదు.

అలాంటి చెక్క గిన్నెలే కొన్నాను. గాలి వల్లనా, చెక్క మీది పూత వల్లనా అని మా వంటింట్లో ఎన్నిసార్లు చేసి చూశానో. ప్రతిసారీ తడే. ఒక్కసారీ పొడిగా రాలేదు. ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. కాకపోతే వాటిలో ఒక్కటి కూడా వాడి పేరున పెట్టి చూడలేదు. పొడిగా ఉంటే తట్టుకోలేను. తడి ఉంటే, బతికున్నవాడికి మట్టి వేసినదాన్నవుతాను.

ఆ గిన్నెలు ఇప్పుడు పై అరలో ఉన్నాయి. చారు మీద మూత పెట్టడమే మానేశాను. "చల్లారిపోతోంది, మూత పెట్టవేంటి?" అని మా ఆయన అడుగుతారు. మర్చిపోయానండీ అంటాను.