మా అత్తగారిది కాని పెరుగు

"చెల్లె, నేనిచ్చిన పెరుగు మంచిగ తోడుకుంటుందా?"

"నువ్విచ్చిన పెరుగేంది రహీమక్కా? మా ఇంట్ల మా అత్త పెరుగే ఉన్నది గద."

"గట్లనా... సరే తియ్. పైలం."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. ఆమె ఎక్కిన ఆటో ఆర్మూరు బస్టాండు వైపు తిరిగింది. బోధన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆరేళ్ళయింది. పసుపు బస్తా అయితే ఇంకొకరు చెయ్యి వేస్తారు, దించుకోవచ్చు. ఈ బరువుకు ఎవరిని చెయ్యి వెయ్యమనాలి?

నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి బిడ్డ శ్రావణి రాస్తోంది. పెరుగు కథ చెప్పు అత్తా, డబ్బా మీద వేస్తాం అని కాగితం పట్టుకు కూర్చుంది. అది అనుకున్న కథ వేరు. ఏం చెప్పినా ఆపకు, దిద్దకు అన్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది.

శ్రావణి హైదరాబాదులో పెరుగు మీదే పెద్ద చదువు చదివింది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులు ఉంటాయట, కంటికి కనబడవు. అవి పాలలోని మాంసకృత్తులను తుంచి చిన్న చిన్న ముక్కలు చేస్తాయట. ఆ ముక్కలను పెప్టైడ్లంటారు. వాటిలో కొన్ని బిగుసుకున్న రక్తనాళాలను సడలిస్తాయి, బీపీకి మేలు చేస్తాయి, అయితే గోలీలు మానమని కాదు అని కూడా చెప్పింది. ఏ ఇంటి పెరుగులోని జీవి ఆ ముక్కలను ఎక్కువగా చేస్తుందో వెతకడం దాని పని. జక్రాన్‌పల్లి, దొంకేశ్వర్ ఇళ్ళన్నీ సీసాలు పట్టుకు తిరిగి మా ఇంటికీ వచ్చింది. మా పెరుగు మా అత్తగారు కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. రోజూ ఒక చెంచా మిగిల్చి మరునాటి పాలలో వేస్తూ ఎన్నడూ తెగనివ్వలేదు. పోయే ముందు ఆ గిన్నె నా చేతిలో పెట్టింది.

శ్రావణి మొదటి సీసా తీసుకుపోయిన నెలకే నా భర్త పోయాడు. పసుపు తవ్వుతూ చేనులోనే పడిపోయాడు. చావు జరిగిన ఇంట్లో వండినవి, పాలు, పెరుగు ఉంచరు. ఆడవాళ్ళు వచ్చి అన్నీ పారబోసి, గిన్నెలు తోమి బోర్లించారు. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క చెంచా దాచమని నోరు తెరవలేకపోయాను. మొగుడు పోయిన రోజున పెరుగు గురించి ఏడ్చే ఆడది ఉంటుందా?

దినాలు అయ్యాక, పొయ్యి వెలిగించిన రోజున పక్కింటి రహీమక్క మూత పెట్టిన స్టీలు గిన్నె తెచ్చింది. వాళ్ళింటి పెరుగు. నా చేత పాలు కాగబెట్టించి, అవి గోరువెచ్చగా అయ్యేదాకా నా పక్కనే కూర్చుని, తన చేత్తోనే చెంచా కలిపి వెళ్ళింది. తెల్లారి చూస్తే గడ్డగా తోడుకుంది. ఇక బతుకుతానని నాకు నమ్మకం కుదిరింది ఆ పొద్దుటే.

తర్వాత శ్రావణి రెండో సీసాకు వచ్చింది. అదే పెరుగా అత్తా అని అడిగింది. అదే అన్నాను. ఎందుకన్నాను? అత్తగారు నిలబెట్టింది నా చేతిలో తెగిందన్న సిగ్గా? సిగ్గు ఉంది. కానీ ఒక్క సిగ్గే అయితే ఇన్నేళ్ళు కుమిలేదాన్ని కాదు. ముసల్మానుల ఇంటి పెరుగుతో అమ్మవారికి బోనం వండావా అని మా ఆడబిడ్డలు అంటారని భయపడ్డాను. ఆ పెరుగు తిని బతికాను. ఇచ్చినామె పేరు చెప్పడానికి నోరు రాలేదు.

మొదటి సీసాలోది మామూలు పెరుగు. రెండోదాంట్లో ఆ ముక్కలు మస్తుగా ఉన్నాయట. ఒకే ఇంటి పెరుగు రెండు తీర్లుగా ఎలా ఉంటుంది? శ్రావణే సీసాలు కలగలిపిందని వాళ్ళ సారు తేల్చాడు. పనంతా మళ్ళీ మొదటి నుంచి చేయించాడు. ఏడాది పోయింది. తన చేతులే సరిగా లేవని ఫోన్‌లో ఏడ్చింది. ఆ రోజు చెప్పవచ్చు. చెప్పలేదు. దిష్టి తగిలింది బిడ్డా, మంచిగా తిను అన్నాను. దిష్టి!

చివరికి మూడో సీసా తన చేత్తో తీసుకోవడానికి సారే వచ్చాడు. రహీమక్క సామాను ఆటోలో ఎక్కించిందీ ఆ రోజే. సారు అరుగు మీద ఉండగా, వెళ్ళొస్తానని గేటు దగ్గరికి వచ్చి ఆ మాట అడిగింది. నిజం తన కాళ్ళ మీద తాను నడిచి నా గేటు దాకా వచ్చింది. నేను వెనక్కి పంపాను. అంతటితో ఆగానా? సీసాలకు చీటీలు అంటిస్తున్న శ్రావణి తలెత్తి, ఏమంటుంది ఆమె అని అడిగితే, వయసు మీద పడ్డది, మతి ఉంటలేదు అన్నాను. రహీమక్క విన్నదా? అప్పటికి ఆటో కదిలిందా? ఎంత గుర్తు చేసుకున్నా తేలదు.

మూడోది రెండోదానితో సరిపోయింది. మొదటిది శ్రావణి తప్పు కింద రాసుకున్నారు. శ్రావణి రాసిన పుస్తకంలో మా అత్తగారి పేరు ఎక్కింది. ఇప్పుడు ఇక్కడి మహిళా సంఘం ఆ జీవితో పెరుగు చేయబోతోంది. డబ్బా మీద మా అత్తగారి పేరు, నా ఫొటో. రేపు అచ్చుకు పోతుంది. పోయాక ఇక నేను నోరు విప్పను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇవాళ.

ఇక్కడికి వచ్చేసరికి శ్రావణి కలం ఆగింది. తర్వాత అది అన్న మాట కూడా రాయమన్నాను.

"అత్తా, మొదటి సీసా నేను పారెయ్యలే. సారు పారెయ్యమన్నడు. నాకు మనసొప్పలే. గడ్డకట్టే పెట్టెల దాచిన. ఇంక ఉన్నది."

"పాలల్ల వేస్తే మల్ల లేస్తదా?"

"లేస్తది."

అంతే అంది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. దాని ఏడాది తెచ్చి ఇవ్వలేని దాన్ని, ఏ మొహంతో అడుగుతాను?

అచ్చు ఆపమని సంఘానికి ఫోన్ చేసింది. సారుకు ఎలా రాయాలో ఇంకా తెలియదంది. ముందు ఇద్దరం బోధన్ పోవాలి. రహీమక్క ఇంటి పెరుగు అడిగి తెచ్చి, రెండో సీసాలోని జీవితో సరిపోతుందో చూడాలి. ఆమె ఇస్తుందా? గడప దాటనిస్తుందా? డబ్బా మీద ఆమె పేరు వేయాలన్నా ఆమె ఒప్పుకోవాలి. తిడితే నిలబడి వింటాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఆకలేస్తోంది. ఇన్నేళ్ళలో ఇంత ఆకలి ఎరగను.

శ్రావణీ, ఇక చదువు. మొదటి నుంచి, మెల్లగా చదువు. ఎక్కడైనా నేను మంచిదానిలా వినబడితే, అక్కడ ఆపి చెప్పు.