చెలమలో ఎర్రనీళ్లు

గుడియాత్తంలో మా ఇంటి నుంచి ఏటిగట్టు మీదుగా నడిస్తే, నెత్తిమీది కుండలో గంజి చల్లారక ముందే మా నాయన దగ్గరికి చేరేదాన్ని. పదేళ్ల పిల్లనైనా ఆ దారి నాకు కొట్టిన పిండి. ఆ కాలంలో ఏటికి వంతెన లేదు, ఎద్దుబండ్లు ఎండిన ఇసుకలోనే దాటేవి. మగ్గానికి ఎక్కించే పడుగు మా ఇరుకు వీధిలో పట్టదు కాబట్టి, ఆ ఇసుకలోనే కర్రలు పాతి దారాలు సాగదీసేవాళ్లు. ఈ కొసన మా నాయన, ఆ కొసన నడి ఏట్లో ఆయన తమ్ముడు, మా చిన్నాయన. కుంచెతో గంజి పట్టించడం మొదలుపెడితే మధ్యలో వదలరు. వదిలితే దారాలు ఒకదానికొకటి అంటుకుని నెల పని మట్టిపాలవుతుంది.

ఇంకో కట్టడి కూడా ఉండేది. గంజి తడి ఉన్నంతసేపు పడుగు దగ్గర ఎవరూ వాన మాట, నీళ్ల మాట ఎత్తకూడదు. ఎత్తితే వాన వచ్చి తీరుతుందట. ఈ నమ్మకం పుట్టించినవాళ్ల నోట మన్ను పడ. ఒకసారి నోరు జారినందుకు మా నాయన నన్ను కుంచె తిరగేసి కొట్టాడు.

ఆ ఉదయం ఊరిమీద ఎండ కాస్తోంది. పడమటి కొండల మీద మాత్రం ఆకాశం మసిగుడ్డలా ఉంది. గట్టు మీద రోజూ ఎదురొచ్చే మేకలు ఒక్కటీ లేవు. ఆడవాళ్లు నీళ్లకోసం ఇసుకలో తవ్వుకున్న చెలమ దగ్గర ఆగాను. ఎప్పుడూ అడుగున తేటగా ఊరే నీళ్లు అంచుదాకా పొంగి ఎర్రగా ఉన్నాయి. పైన కొండల్లో వాన పడి ఏరు కదిలితే చెలమకు ముందే తెలుస్తుందని మా అవ్వ చెప్పేది. గబగబా నాయన దగ్గరికి నడిచాను.

"ఏమ్మా, మొగం అట్ల పెట్టినావు? యాడన్నా పడినావా?" అన్నాడు మా నాయన, కుంచె ఆపకుండా.

"ఏం లేదు నాయనా."

"అయితే కుండ ఆడ పెట్టి సీక్రం ఇంటికి పో. మీ చిన్నాయన పక్క ఇంకా గంజి పట్టియ్యాల."

కుండ దించి గట్టెక్కాను. వెనక బండ్లు బారులు తీరి వస్తున్నట్టు చప్పుడు. తిరిగి చూసేసరికి ఎర్రటి నీళ్లు చెట్లను దొర్లించుకుంటూ వచ్చేశాయి. మా నాయన తమ్ముణ్ణి పిలుస్తూ గట్టుకు పరుగెత్తాడు. చిన్నాయన మాత్రం పడుగు చుట్టుకోవాలని వంగాడు. మళ్లీ లేవలేదు. మూడో రోజు ఏటి దిగువన, పళ్ళికొండ దిక్కున ఇసుకలో దొరికాడు.

చావింటికి వచ్చినవాళ్లంతా ఇట్లా అవుతుందని ఎవరు కలగన్నారు అన్నారు. నేను మూలన కూర్చుని భయంతో, సిగ్గుతో ఏడ్చాను. మా నాయన నన్ను ఒళ్లోకి లాక్కుని తల నిమిరాడు.

"ఏడవద్దు తల్లీ. ముందే తెలిసుంటే నువ్వు చెప్పకుండా ఉంటావా" అన్నాడు.