తొక్కు లేని సంచి

ప్రకాశ్ నడిపే ఆటోలోంచి దిగి తండాలోకి నడిచి వస్తున్న మనిషిని చూసి కళ మొదట ఎవరో సర్వేకి వచ్చినవాడనుకుంది. దగ్గరికి వచ్చాక గానీ అతను రెండేళ్ల కింద మస్కట్ పోయిన తన మొగుడు జైసింగ్ అని పోల్చుకోలేకపోయింది. ప్యాంటు నడుం దగ్గర కుచ్చుళ్లు పడి ఉంది. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త బెజ్జాలు ఉన్నాయి. ఆ బెజ్జాలు ఆమె కళ్లలోంచి పోలేదు.

"ఏందిట్ల అయినవ్?" అంది.

"ఎట్లయిన? మంచిగనే ఉన్న," అన్నాడు సంచి దించుతూ.

అది రెండు వేల పన్నెండు, మే నెల. గాంధారి మండలంలోని ఆ తండాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు వెతికినా దొరకదు. మస్కట్ అయినా, దోహా అయినా తండాకు అంతా దుబాయే. దుబాయ్ నుంచి వచ్చినవాడు ఎలా ఉండాలో కూడా తండాకు తెలుసు. బుగ్గలు నిండి ఉండాలి, పొట్ట కాస్త ముందుకు రావాలి, పక్కన నిలబడితే సెంటు గుప్పుమనాలి. చిక్కిపోయి వస్తే దానికి ఒకటే అర్థం. హైవే మీద లారీలు నడిపిన మగవాళ్లు కొందరు అలాగే ఏడాది తిరిగేసరికి కర్రల్లా ఎండి చనిపోయారు. ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. 'ఆ రోగం' అంటారు, అంతే.

బోరింగు దగ్గర బిందె పెడుతూ పక్కింటి సునీల అడగనే అడిగింది.

"అక్కా, బావకు దుబాయ్‌ల బువ్వ పెట్టలేదా ఏంది?"

"పని ఎక్కువ. ఎండ ఎక్కువ."

"మా ఆయన గూడ ఎండల్నే చేస్తడు గదా. గుమ్మడిపండు లెక్క వచ్చిండు. ఊకెనే అంటున్న తియ్యి. ఒకసారి కామారెడ్డిల రక్తం చూపియ్యరాదు?"

కళ బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది.

జైసింగ్ చేసే పనులన్నీ ఆ భయాన్నే ఎగదోశాయి. తెల్లవారకముందే లేచి రోడ్డు దాకా నడిచి వస్తాడు. తండాలో అందరూ నడుస్తారు, చేనుకు, కూలికి, కట్టెలకు. చేతుల్లో ఏమీ లేకుండా, ఎక్కడికీ కాకుండా నడిచేవాడిని మాత్రం ఎవరూ చూడలేదు. ప్రకాశ్ జైసింగ్‌కు వరసకు తమ్ముడు. ఆటో ఆపి మరీ ఎగతాళి చేశాడు.

"అన్నా, ఏడికి? ఎక్కు."

"ఏడికి లేదురా. నడుస్తున్న."

"ఏడికి లేనిదానికి నడుసుడెందుకే? కూసుంటె అయిపాయె గదా."

అన్నం వద్దన్నాడు. జొన్నరొట్టె కావాలన్నాడు. రేషన్ బియ్యం వచ్చాక తండాలో జొన్న వేసేవాళ్లూ లేరు, రొట్టె కొట్టేవాళ్లూ తగ్గారు. తెల్లన్నం తినడమే కడుపు నిండా తిన్నట్టు లెక్క. దుబాయ్ నుంచి వచ్చినవాడు కరువు రోజుల తిండి అడిగితే కళకు తల కొట్టేసినట్టయింది. కామారెడ్డి గంజ్ మార్కెట్లో అడిగితే మద్నూర్ వైపు నుంచి వచ్చిన జొన్నలు దొరికాయి. వాటిని బియ్యం సంచిలో పోసుకుని తెచ్చింది, ఎవరూ చూడకుండా. అత్త జమ్లి మాత్రం సంబరపడింది. ముసలి చేతులు పిండి ముద్దను మరచిపోలేదు.

పెసలు నానబెట్టి మొలకలు కట్టుకుని నములుతాడు. పాలకూర, సొరకాయ, పప్పు. కోడి కోస్తే ముట్టలేదు. తిన్న పళ్లెం తనే కడుక్కుంటాడు. మంచం వాకిట్లో వేసుకుని ఒక్కడే పడుకుంటాడు. ఆ పళ్లెం, ఆ మంచం చూసినప్పుడల్లా కళకు ఒకటే అనిపించేది. తనకు అంటకూడదని దూరం ఉంటున్నాడు, ఇంకేం కావాలి రుజువు?

అన్నిటికన్నా తొక్కు సంగతి. మామిడికాయ తొక్కు ఆమె ఏటా ఈ నెలలోనే పెడుతుంది. దండిగా ఉప్పూ కారం పోసి, నూనె తేలేలా. మస్కట్ పోయే ప్రతి మనిషి చేతా ఒక పెద్ద డబ్బా పంపేది. చేతితో పంపగలిగింది అదొక్కటే. ఈసారి తాజాగా కలిపి ఎదురుగా పెడితే జైసింగ్ డబ్బాను మోచేత్తో పక్కకు జరిపాడు.

"ఏమైంది? నచ్చలేదా?"

"కడుపుల మంట."

"ఎన్నడు లేనిది ఇప్పుడేం మంట?"

"చెప్తున్న గదనే, మంట అని," అని లేచిపోయాడు.

ఇంతలో జమ్లి మొక్కు తీసే రోజు దగ్గరపడింది. కొడుకు పోయేటప్పుడు ఆమె తండా దేవత మేరామ తల్లికి మేకను మొక్కింది, క్షేమంగా వస్తే కోస్తానని. ఆ తండాలో ఒక కట్టడి ఉంది. ఎవరి పేర మేకను కోస్తే మొదటి తునక వాళ్లే తినాలి. తినకపోతే మొక్కు తీరనట్టే. మొక్కు తీరకుండా మళ్లీ విమానం ఎక్కకూడదు.

"నేను తిన యాడీ," అన్నాడు జైసింగ్. వాళ్ల మాటలో యాడి అంటే అమ్మ.

"ఒక్క తునకరా. మందనుకో."

"ఒక్కటి కూడ తిన. ఒట్టు పెట్టుకున్న."

"ఎవరి మీద ఒట్టు?"

జైసింగ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. మొక్కు మాట్లాడడానికి వచ్చిన తండా పెద్ద తేజ్యా నాయక్ నోట్లోంచి చుట్ట తీసి, "దవాఖానోళ్లు వద్దన్నరేమో," అన్నాడు మెల్లగా. అక్కడున్నవాళ్లంతా కళ వైపు చూశారు.

ఆ మర్నాడు ప్రకాశ్ ఆటో కడుగుతూ అన్నాడు. "వదినా, చెప్పాల్నో లేదో గని, అన్న ఇంట్ల కామారెడ్డి అని చెప్పి ఎల్లారెడ్డిల దిగుతుండు. ఇది రెండోసారి."

ఎల్లారెడ్డిలో పెద్ద దవాఖానా ఉంది. ఆ రోగం కన్నా అక్కడ ఆడమనిషి ఎవరైనా ఉన్నా నయం అనుకుంది కళ ఒక్క క్షణం. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మరోసారి జైసింగ్ చొక్కా తొడుక్కుంటుంటే తనూ చెప్పులేసుకుంది.

"నువ్వెందుకు?"

"నువ్వెందుకు పోతున్నవో అందుకే."

ఎల్లారెడ్డిలో దిగాక అతను దవాఖానా దాటిపోయాడు. చర్చి వెనక సందులో రేకుల ఇంటి ముందు ఆగాడు. పేర్లు తర్వాత తెలిశాయి. వాకిట్లో కూర్చున్న ముసలాయన అబ్రాహాము. లోపలినుంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చిన మనిషి అతని కోడలు లిదియా. మెడలో ఏమీ లేదు.

"వదినా? రా, లోపటికి రా. అన్న నీ ముచ్చటే చెప్తడు ఎప్పుడూ," అంది లిదియా.

గోడకు ఆమె మొగుడు ప్రభుదాసు ఫోటో ఉంది. దాని కింద అలమరలో ఒక ప్లాస్టిక్ డబ్బా, సగం దాకా మామిడికాయ తొక్కు. కళ పంపే డబ్బా కూడా అలాంటిదే.

లిదియా జైసింగ్ ముందు నేల మీద కూర్చుంది. "అన్నా, ఆ పొద్దుగాల ఎట్ల లేపినవో మల్లొకసారి చెప్పవా?"

జైసింగ్ కళ వైపు చూడకుండా చెప్పాడు. ఇంతకుముందూ చెప్పినట్టున్నాడు. మాటలు అరిగిపోయి ఉన్నాయి. క్యాంపులో ఒకే గదిలో అంతస్తుల మంచాలు. ప్రభుదాసు కింది మంచం, తను పైది. తెల్లవారి బస్సు వచ్చే ముందు కిందికి దిగి కాలు పట్టుకుని కదిపాడు. "దాసూ, లెవ్వు, బస్సు పోతది." కాలు చల్లగా ఉంది. ఏసీ గాలికి అనుకున్నాడు. దుప్పటి కప్పి ముఖం కడుక్కోవడానికి పోయాడు.

"దుప్పటి కప్పినవ్," అంది లిదియా.

"కప్పిన చెల్లె."

ఆమె డబ్బా వైపు చూసింది. "డాక్టరు ఉప్పు తగ్గియ్యుమన్నడంట వదినా, ఆయనకు బీపీ ఉందని. నాకు చెప్పలే. నేను తొక్కు పంపుకుంటనే ఉన్న."

వాకిట్లోంచి అబ్రాహాము గొంతు లేచింది. "తొక్కు తిని సచ్చెటోళ్లమైతే మా తాతలే సద్దురు. ఎండల ఇనుము మోపిచ్చిండ్రు. నీళ్లు తాగితే ఒంటికి పోవాలె, పోతే ఫోర్మన్ తిడ్తడని నీళ్లే తాగలె పోరడు. పని దిగినంక గంపెడు మందికి ఒక్క పొయ్యి. కూర ఎప్పుడు వండాలె? కుబూస్ రొట్టెకు తొక్కు అద్దుకుని పండుకున్నడు. కాయితం మీద ఏం రాసిండ్రు? సహజ మరణం. ముప్పై ఐదేండ్లోనికి ఏం సహజం బిడ్డా?"

ఆ ముసలాయనకు జవాబు చెప్పవలసినవాళ్లు ఆ సందులోకి ఎప్పుడూ రారు. నిజాంసాగర్ నుంచి కామారెడ్డి దాకా ఏ ఊరికి పోయినా ఇలాంటి ఫోటో ఒకటి ఉంటుంది. కాయితం మీద రాసిన కారణం కూడా అదే ఉంటుంది. చచ్చినవాడి తిండిదే తప్పు, వాడి గుండెదే తప్పు, వాడి ఖర్మదే తప్పు. క్యాంపుది తప్పని రాసిన కాయితాన్ని ఇక్కడ ఎవరూ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండ్ దగ్గర సోడా బండి పక్కన జైసింగ్ ఆగాడు.

"నాకు గూడ ఉన్నది, బీపీ. దాసు పోయినంక అందర్ని చూసిండ్రు. నాది దాసు కన్న ఎక్కువ."

కళ అతని ఎదురుకు వచ్చింది. "అంతేనా? అదొక్కటేనా?"

"అదొక్కటేనా అంటే? నువ్వేమనుకున్నవ్?"

ఆమె అతని బెల్టు బెజ్జాల వైపు చూసింది. అతనికే అర్థమైంది. నవ్వబోయాడు, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

"మరి పళ్లెం ఎందుకు కడుగుతవ్? మంచం బయట ఎందుకు?"

"పళ్లెం రెండేండ్ల అలవాటు. మంచం... లోపల పండుకుంటే కింద ఎవరో ఉన్నట్టే అయితది. చెయ్యి కిందికి పెట్టి చూసుకుంట."

అప్పుడు మిగతాదీ చెప్పాడు. మాంసం ముట్టనని దాసు మీద ఒట్టు పెట్టుకుని, మెస్‌లో నూనెలో ఈదే కోడి మానేశాడు. తియ్యటి డ్రింకులు మానేశాడు. కేరళ మలబారీ కొట్టులో అలసందలు, పప్పు, కీరకాయ కొని, బస్సుకు ముందే పొయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వండుకున్నాడు. కోసిన నీళ్ల క్యాన్లలో మట్టి పోసి మెంతులు చల్లితే, పైనున్న ఏసీ నుంచి కారే చుక్కలకే కూర మొలిచింది. క్యాంపు గోడ చుట్టూ నడిచాడు. జనం నవ్వారు. తర్వాత ఇద్దరు ముగ్గురు వెనక చేరారు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు గూడ లిదియా లెక్క డబ్బా దిక్కు చూస్తవని."

ఒక భయం దిగిన చోటే ఇంకొకటి ఎక్కి కూర్చుంది. ఆ రోగమైతే మనిషి కళ్లముందు చిక్కుతాడు. ఇది చెప్పకుండా, నిద్రలో.

"ఇగ పోకు," అంది.

"మన బోర్ల నీళ్లున్నయా?"

లేవు. ఆమెకూ తెలుసు. అందుకే మళ్లీ అడగలేదు.

మొక్కు రోజు ఇంటి ముందు జనం నిండారు. తునక ఉడికింది. తేజ్యా నాయక్ పళ్లెంలో పెట్టి జైసింగ్ ముందుకు జరిపాడు. కళ అంతకుముందే అత్తకు అంతా చెప్పేసింది, ఒట్టు ప్రభుదాసు మీద పెట్టుకున్నదని కూడా. జమ్లి లేచి వచ్చి ఆ పళ్లెం తన వైపు లాక్కుంది.

"మొక్కిన నోరు నాది. తినే నోరు గూడ నాదే అయితది."

"కట్టడి తప్పుతది గదా జమ్లీ," అన్నాడు నాయక్.

"తల్లి అడుగుతే నేను చెప్పుకుంట. నీకు పళ్లున్నయి, నాకు లేవు. నేనే ఎట్లనో నములుత, నువ్వెందుకు పరేషాన్?"

ఎవరో నవ్వారు. నాయక్ కూడా చుట్ట ముట్టించుకుని పక్కకు జరిగాడు. జమ్లి ఆ ముక్కను చాలాసేపు నమిలింది. అందరూ అంతసేపూ చూశారు. సునీల మాత్రం కళ చెవిలో గొణిగింది. "అక్కా, బీపీ అంటే ఎట్ల తెలుస్తది? మా ఆయనకు గూడ పొద్దుగాల తల తిరుగుతదంట." గుమ్మడిపండు లాంటి మొగుడు అరుగు మీద రెండో పళ్లెం తింటున్నాడు. ఇద్దరూ అతని వైపే చూశారు.

జైసింగ్ ప్రయాణపు సంచి ఈసారి కళే సర్దింది. తొక్కు పెట్టలేదు. చింతచిగురు నీడలో ఎండబెట్టి పొడి కొట్టింది, పులుపు ఉంటే ఉప్పు గుర్తుకు రాదని. ఉప్పు వేయని అవిసెల పొడి, జొన్నపిండి, గుడ్డలో మూట కట్టిన మెంతులు. సంచి తేలిగ్గా ఉంది. ఆ తేలికదనమే ఆమెకు గుబులు పుట్టించింది. ఏదో మరచిపోయినట్టు మళ్లీ మళ్లీ విప్పి చూసింది.

ఆటో ఎక్కే ముందు ఒక్కటే అడిగింది. "లేవంగనే ఒక మిస్డ్ కాల్ ఇయ్యి. నేను ఎత్త. లేసినవని తెలుస్తది."

"దినాం?"

"దినాం."

తండాలో సిగ్నల్ వాటర్ ట్యాంకు మిట్ట దగ్గరే దొరుకుతుంది. కళ తెల్లవారుతుండగానే లేచి, ఫోను పిడికిట్లో పట్టుకుని అక్కడిదాకా నడుస్తుంది. చేతుల్లో బిందె లేదు, కొడవలి లేదు. ఆటో తీస్తూ ప్రకాశ్, "వదినా, నువ్వు గూడ షురూ జేసినవా?" అంటే తల తిప్పకుండా పోతుంది. మిట్ట మీద ఒక్కచోట నిలబడదు. అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఒక్కోరోజు తొందరగా మోగుతుంది. ఒక్కోరోజు ఎండ ట్యాంకు మీదికి ఎక్కినా మోగదు. అలాంటి పొద్దున ఆమెకు ఒకటే కనబడుతుంది, కాలు పట్టుకుని కదిపే చెయ్యి.

ఇవాళ ఎండ ట్యాంకు గోడ మీదుగా నేల దాకా దిగింది. అప్పుడు పిడికిట్లో ఫోను ఒక్కసారి వణికి ఆగిపోయింది. కళ ఫోను కొంగున ముడేసుకుని మిట్ట దిగింది.

ఇంటికి వచ్చేసరికి జమ్లి పొయ్యి ముందు పిండి తడుపుతోంది.

"లేసిండా?"

"లేసిండు యాడీ."

"ఏం తిన్నడంట?"

"మిస్డ్ కాల్‌ల అది గూడ చెప్తరా?"

"చెప్పరు గదా," అంది జమ్లి ముద్దను రాయి మీద పెట్టి. "అదే నా రంది."

కళ పక్కన కూర్చుని పెనం ఎక్కించింది.