డీజిల్ టాంకీని పాల క్యానులా కడిగాను

పాలకు వాసన ఎంత తొందరగా పడుతుందో పాలవాళ్ళకే తెలుసు. ఉల్లిగడ్డలు కోసిన గదిలో మూత తీసి పెడితే చాలు, పొద్దుటికి అవి ఉల్లిగడ్డ పాలే. మా పాలకు డీజిల్ వాసన పట్టింది.

మా ఆయన పోయి రెండేళ్ళు దాటింది. బర్రెలు, వాటి కొట్టం, ఒక ముసలి వ్యాను వదిలిపోయాడు. కొట్టం పురానాపూల్ అవతల. తెల్లవారుతుండగా పాలు పిండి, క్యాన్లు వ్యానుకెత్తి, మూసీ దాటి శాలిబండలో ఒక చాయ్ హోటలుకు పోస్తాం. తక్కిన ఇళ్ళన్నీ కలిపినా ఆ ఒక్క హోటలు పోయించుకునే పాలకు సాటి రావు. అది పోతే బర్రెలను అమ్ముకోవాల్సిందే. వ్యాను నడిపేది మా మరిది. ఆయనకూ వయసు మీదపడింది. నేను పక్క సీటులో కూర్చుంటాను.

వ్యాను టాంకీ అడుగున తుప్పుపట్టి డీజిల్ చెమర్చేది. మా ఆయన బతికున్నప్పుడు బట్టల సబ్బు నలిపి ముద్ద చేసి అక్కడ అద్దేవాడు. డీజిల్ సబ్బును కరిగించదు, కొన్నాళ్ళు ఆగేది. ఆయన పోయాక నేనూ అదే చేశాను. అదే మరమ్మతు అనుకున్నాను. వారం వారం ముద్ద పెద్దదవుతున్నా, కింద రేకు చిన్నదవుతోందని నాకు తట్టలేదు.

పాలు తొణకకుండా క్యాను మూతకు తడిగుడ్డ చుట్టి బిగిస్తాం. క్యాన్లు నిలబడేది సరిగ్గా టాంకీ మీది చెక్కల పైన. చెక్కల సందుల్లోంచి వాసన గుడ్డకు పట్టింది, గుడ్డలోంచి పాలలోకి దిగింది.

హోటలు సేఠ్ నలుగురి ముందే అడిగాడు.

"క్యా అమ్మా, బర్రెలకు కుడితి బంద్ చేసి డీజిల్ తాపుతున్నవా? గిరాకీలు కప్పు మూతి కాడ పెట్టుకోని వాపస్ ఇస్తున్నరు."

"రేపటికి మంచిగైతది సేఠ్."

"నాలుగు రోజుల సంది గదే మాట. ఇంకో రెండు రోజులు చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే పాకెట్ పాలు తెప్పించుకుంట. నన్ను తిట్టుకోవద్దు."

హోటలు వెనక గల్లీలో బండ్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. మా ఆయనకు పాత దోస్తు. నన్ను భాభీ అంటాడు, నేను భాయ్ అంటాను. ఆ పొద్దున్నే వ్యాను ఆయన ముందు పెట్టించాను. కిందికి దూరి చూసి, సబ్బు ముద్దను గోరుతో గీకి బయటికొచ్చాడు.

"అరె భాభీ, టాంకీ ఏడున్నది? ఇది సబ్బుబిళ్ళ. దీన్తోని ఇంట్ల బట్టలన్నీ ఉతుక్కోవచ్చు."

"నవ్వకు భాయ్. రేపటికి వాసన పోవాలె. లేకుంటే సేఠ్ పాలు బంద్ చేస్తడు."

"టాంకీ దించాలె, వెల్డింగ్ పెట్టాలె. శామ్ తక్ అయిపోతది, చీకటి పడకముందే. ఫికర్ నక్కో."

ముందు డీజిల్ అంతా డబ్బాల్లోకి వంపాడు. రెండు పైపులు ఊడదీశాడు, ఒకటి ఇంజనుకు పోయేది, ఒకటి తిరిగొచ్చేది. కలిసిపోకుండా ఒకదానికి దారం కట్టాడు. టాంకీ కింద చెక్క పెట్టి, దాని కింద జాకీ నిలబెట్టాడు. అప్పుడు టాంకీని మోస్తున్న రెండు ఇనప పట్టీల బోల్టులు పట్టాడు. అవి ఎన్నేళ్ళనాటివో, కదల్లేదు. నూనె పోసి, సుత్తితో కొట్టి, అల్లా పేరు తలుచుకుని, మళ్ళీ కొట్టాడు. చెక్క జారకుండా నేను మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాను. మొత్తానికి టాంకీ మెల్లగా కిందికి దిగింది.

"కడగకుంట మంట పెడితే లోపలి గ్యాసుకు పేలుతది. వేడినీళ్ళు, బట్టల సోడా పోసి కడగాలె," అన్నాడు.

"కడిగేది నేను," అన్నాను. "ముప్పయ్యేండ్ల సంది క్యాన్లు కడుగుతున్న. నువ్వు మంట చూసుకో."

ముక్కు పెట్టి చూస్తే ఏమీ తెలియనిదాకా కడిగాను. ఆయన దాన్నిండా నీళ్ళు నింపి, చిల్లి మీద వెల్డింగ్ పెట్టాడు. నీళ్ళుంటే లోపల గ్యాసు నిలవదట. అయ్యాక నీళ్ళు వంపేసి నమాజుకు లేచాడు.

"ఎండల పెట్టు భాభీ. ఒక్క దిక్కే బోర్లేయకు. లోపల అడ్డంగ రేకు గోడలున్నయి, వాటెనక నీళ్ళు దాక్కుంటయి. నాలుగు దిక్కుల తిప్పాలె, కొంచెం కొంచెం వంచాలె. ఒక్క చుక్క ఉండొద్దు."

విన్నాను. చెవితో విన్నాను. పాల క్యాను లోపల గోడలుండవు. కడిగి బోర్లిస్తే నీళ్ళు పోతాయి, కొంచెం తడి ఉన్నా పాలకేమీ కాదు. నా చేతులకు తెలిసిన పని అదొక్కటే. టాంకీని గోడకు వాల్చి బోర్లించాను. నీళ్ళు కారాయి, ఆగాయి. మూతి తుడిచాను. ఎండ వంగుతోంది, అక్కడ కొట్టంలో బర్రెలు సాయంత్రం పాలు పిండే వేళకు అరుస్తుంటాయి. ఆయన వచ్చేసరికి నేను లేచి నిలబడి ఉన్నాను.

"నాలుగు దిక్కుల తిప్పినవా?"

"తిప్పిన."

ఆయన మళ్ళీ అడగలేదు. పాత ట్యూబు ముక్కలు కోసి పట్టీల కింద రబ్బరు పెట్టాడు. టాంకీని ఎత్తి బోల్టులు బిగించాడు, దారం చూసుకుని పైపులు ఎక్కించాడు, డబ్బాల్లోని డీజిల్ వడగట్టి పోశాడు. చేతి పంపు కొట్టి గాలి తీసేశాక మా మరిది తాళం తిప్పితే బండి అందుకుంది. చెక్కల మీద ముక్కు పెట్టాను. వాసన లేదు. మా ఆయన పోయాక ఆ రాత్రే కడుపునిండా తిన్నాను.

మర్నాడు పొద్దున వంతెన నడుమ వ్యాను రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది.

మా మరిది పంపు కొట్టాడు. అందుకుంది, నాలుగడుగులేసి మళ్ళీ ఆగింది. వెనక హారన్లు. ఒక ఆటో అతను తల బయటపెట్టి, "అమ్మా, ఇంజన్ తీసి బర్రెను కట్టున్రి, జల్దీ పోతది," అన్నాడు. మా మరిది మెకానిక్‌కు ఫోన్ చేస్తుండగానే నాకు సేఠ్ ఫోన్ వచ్చింది.

"ఏడున్నవ్ అమ్మా? చాయ్ టైం అయిపోతున్నది."

"బండి ఆగింది సేఠ్. మెకానిక్ టాంకీ ఖరాబ్ చేసిండు."

నేను చెబుతుంటే దీన్ని రాస్తున్న ఎదురింటి టీచరమ్మ, ఈ మాట వదిలేద్దాం అంటోంది. వద్దు, రాయమన్నాను. అప్పటికి నాకు కారణం తెలియదు, నిజమే. కానీ నోట్లోంచి ఆ మాట రావడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

భాయ్ స్కూటర్ మీద వచ్చాడు. డీజిల్ వడకట్టే డబ్బీ కింద బోల్టు వదులు చేసి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టాడు. పైన పసుపు, కింద తెలుపు, నడుమ గీత గీసినట్టు. సీసా ఎండకు ఎత్తి చూపించాడు.

"పానీ, భాభీ."

అంతే. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది, ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని. ఆ నీళ్ళు వదిలేసి, పంపు కొట్టి, బండిని ఎలాగో నడిచేటట్టు చేశాడు. మా వెనకే శాలిబండకు వచ్చాడు.

అప్పటికి ఎండ ముదిరింది. టాంకీలో నీళ్ళున్నాయని మా మరిది సేఠ్‌కు చెప్పాడు. సేఠ్ ఒక గరిటెడు పాలు చిన్న గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాడు. నేను గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాను. పొంగాల్సిన పాలు ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయి. పక్క పొయ్యి మీద పాకెట్ పాలు మరుగుతున్నాయి.

రోజూ కూర్చునే బల్ల మీద చాయ్ కోసం భాయ్ అప్పుడే కూర్చున్నాడు. సేఠ్ గరిటె ఆయన వైపు తిప్పాడు.

"ఓ మియా! గీ ముసలామె ఒక్కతి బతుకుతుంటె ఆమె టాంకీల నీళ్ళు పోసి ఇస్తవా? నీకు పని వచ్చా, రాదా?"

హోటల్లో అందరూ ఆయన్ని చూశారు. ఆయన నన్ను చూశాడు. నేను గిన్నెను చూశాను.

"గల్తీ అయింది సేఠ్," అని ఆయన లేచాడు. చాయ్ వచ్చేదాకా ఆగలేదు.

"సరే అమ్మా, నీ తప్పేం లేదు. రేపు తే," అన్నాడు సేఠ్.

నా పాల గిరాకీ నిలబడింది. విరిగిన పాల క్యాన్లు ఎక్కించుకుని గల్లీలోకి వెళ్ళాం. ఏ మొహంతో వెళ్ళానో నాకే తెలియదు. భాయ్ జాకీ తెచ్చాడు. మళ్ళీ డీజిల్ వంపాడు, పైపులు తీశాడు, పట్టీలు విప్పాడు. టాంకీని ఒళ్ళో పసిపిల్లను తిప్పినట్టు ఒక వైపు వంచాడు. నీళ్ళు. రెండో వైపు వంచాడు. మళ్ళీ నీళ్ళు. దోసెడు పైనే వచ్చాయి. నేను దగ్గరికి వెళ్ళబోతే, "ఉండనియ్యి అమ్మా," అన్నాడు. భాభీ అనలేదు. పొద్దుగూకేదాకా తానే తిప్పి, ఆరబెట్టి, బిగించి ఇచ్చాడు.

తెల్లారి పాలు వేళకు చేరాయి. సేఠ్ మూత తీసి వాసన చూసి, "మస్తున్నయి! చూసినవా, ఒక్క మాటతోని ఎట్ల సీదా అయిండో," అన్నాడు.

బల్ల ఖాళీగా ఉంది. రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"ఆయన తప్పు గాదు సేఠ్. నేనే ఆరబెట్టలే. ఆరబెట్టిన్నని అబద్ధం చెప్పిన."

సేఠ్ మూత మెల్లగా పెట్టాడు.

"మరి నిన్న నేను గంత లొల్లి చేస్తుంటె నిలబడి ఇన్నవ్ గదా?"

"పాలు బంద్ చేస్తవని భయమైంది."

సేఠ్ రెండు క్యాన్లు లోపలికి పెట్టించుకుని, తక్కిన రెండూ మా మరిది వైపు జరిపాడు. "సగం పాలు పొయ్యి అమ్మా. సగం పాకెట్లు తెచ్చుకుంట. మల్ల ఎప్పుడేం చెప్తవో నాకేం తెలుసు."

ఇప్పటికీ సగమే పోస్తున్నాం. రెండు బర్రెలను అమ్మేశాను. సేఠ్ తానే గల్లీలోకి వెళ్ళి మాట్లాడాడట, అయినా భాయ్ ఆ హోటలుకు రాలేదు. పత్తర్‌గట్టి దాకా నడిచి వెళ్ళి అక్కడ చాయ్ తాగుతున్నాడట. నేను తప్పు ఒప్పుకుంటే తల ఊపాడు. వ్యానుకు ఏమొచ్చినా ఆయన దగ్గరికే తీసుకెళతాం, పని ఎప్పటిలాగే శ్రద్ధగా చేస్తాడు. కానీ కింద పడుకుని పని చేస్తూ చెక్క పట్టుకోవడానికి మనిషి కావాలంటే, పక్కనే నిలబడ్డ నన్ను పిలవడు. ఎదురు దుకాణం ఆయన్ని కేకేస్తాడు.